కస్తాన్యాల్‌ను పెంచిందెవరు? మానౌస్–వాఖెనింగెన్ ఉమ్మడి పరిశోధనపై కేస్ స్టడీ

మధ్య అమెజోనియాలో నది ఒడ్డు వదిలి లోపలికి నడుస్తుంటే వందల జాతులు కలగలిసిన అడవి. నడవగా నడవగా ఒకచోట ఉన్నట్టుండి బ్రెజిల్ నట్ చెట్లు గుంపుగా కనిపిస్తాయి. ఒక్కోటి నలభై మీటర్లకు పైబడిన ఎత్తు, నలుగురు చేతులు కలిపితే గానీ అందని మొదలు. స్థానికులు ఆ చోటును కస్తాన్యాల్ అంటారు. అది దానంతటది మొలిచిందా, మనుషులు పెంచారా అన్నదే ఈ కేసు. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు ఒక జవాబు చెబుతారు, పురావస్తు వాళ్ళు మరొకటి, కాయలేరుకునే కుటుంబం మూడోది. ముగ్గురి ఆధారాలనూ ఒకదానితో ఒకటి తూచగలిగేలా సేకరించడమే అసలు పని.

బ్రెజిల్ వైపు మానౌస్‌లోని జాతీయ అమెజోనియా పరిశోధన సంస్థ, అంటే ఇన్‌పా. యూరప్ వైపు నెదర్లాండ్స్‌లోని వాఖెనింగెన్ విశ్వవిద్యాలయం. ఈ రెంటి ఉమ్మడి డాక్టరేట్‌లో కరొలీనా లెవిస్ చేసిన పని 2017 మార్చిలో సైన్స్ పత్రికలో వచ్చింది. అది ఏ లెక్క మీద నిలబడింది, ఎక్కడ ఎదురుదెబ్బ తిన్నది, అలాంటి పనిని ఒక చిన్న బృందం నేల మీద చేయాలంటే ఏమేం కావాలి అన్నంత వరకే ఇక్కడ చెబుతున్నాం.

ఈ రెండు చోట్ల మధ్య లంకె కొత్తది కాదు. డచ్చి నేలల శాస్త్రవేత్త విమ్ సోంబ్రుక్ అమెజాన్ నేలల మీద 1966లో వాఖెనింగెన్‌లోనే డాక్టరేట్ పూర్తి చేశాడు. శాంతారెమ్ దగ్గరి పీఠభూమిలో నల్లటి సారవంతమైన మట్టి పట్టీలను, అంటే టెర్రా ప్రెటాను, మనుషుల చేతి పనిగా ఆయన వివరించాడు. శతాబ్దాల పాటు గడ్డిపెళ్ళలు, పెంట కలిపి పోసి మందం చేసిన ప్లాగెన్ నేలలున్న దేశం నుంచి వచ్చినవాడికి అది తట్టడం సహజమే. తెలుగు రైతుకూ వింతగా ఉండదు. పాడుబడ్డ ఊళ్ళ పాటిదిబ్బలను తవ్వి పాటిమన్ను పొలాలకు తోలుకున్న నేల మనది. బూడిద, ఎముకలు, పెంట, కుండపెంకులు తరాల తరబడి పేరుకుంటే మట్టి ఏమవుతుందో మనవాళ్ళకు శాస్త్రం చెప్పనక్కర్లేదు. టెర్రా ప్రెటాలో వీటికి తోడు బొగ్గు చాలా ఎక్కువ.

ఇక లెక్క. హన్స్ తెర్ స్టేఖె నడిపించే అమెజాన్ వృక్ష పరిశోధకుల నెట్‌వర్క్ 1,170 ప్లాట్ల, అంటే హద్దులు గీసి చెట్లు లెక్కించిన అడవి ముక్కల, కొలతలను ఒకచోట చేర్చింది. 2013లో ఇదే నెట్‌వర్క్ అమెజోనియాలో దాదాపు 39,000 కోట్ల చెట్లు, 16,000 జాతులు ఉంటాయని అంచనా కట్టింది. ఆ చెట్లలో సగం కేవలం 227 జాతులవి. వీటిని అధికాధిక్య జాతులు అందాం. 2017 పరిశోధన చూసింది, కొలంబస్‌కు ముందే మనుషులు ఎంతో కొంత సాగులోకి తెచ్చిన 85 జాతుల చెట్లు, తాళజాతి మొక్కలు ఈ లెక్కలో ఎక్కడున్నాయని. 85లో 20 అధికాధిక్య జాతులే, అంటే దాదాపు 24 శాతం. ప్లాట్లలో నమోదైన మిగతా జాతులు సుమారు 4,900 అనుకుంటే, వాటిలో 207 మాత్రమే అలాంటివి; నాలుగు శాతం. ఐదు రెట్లు అన్న ప్రసిద్ధమైన మాట ఈ భాగహారం లోంచే వచ్చింది. బ్రెజిల్ నట్, రబ్బరు, కోకో, పండ్లకు పేరుపడ్డ ఆసాయీ తాళజాతి చెట్టు ఈ సాగు జాతుల్లోవే.

ఈ ఒక్క నిష్పత్తితో కేసు గెలవదు. కారణం, ఫలితం తారుమారు కావచ్చు. మనుషులు పెంచారు కాబట్టి ఆ జాతులు విస్తరించాయా, ఎక్కడ చూసినా ఉన్నాయి కాబట్టే మనుషుల కళ్ళు వాటి మీద పడ్డాయా? అందుకే రెండో పరీక్ష పెట్టారు. 3,000కు పైగా పురావస్తు స్థలాల పటాన్ని ప్లాట్ల మీద పరిచి, స్థలానికి దూరమయ్యే కొద్దీ ఈ 85 జాతులు తగ్గుతున్నాయా అని చూశారు. దగ్గర ఎక్కువ, దూరాన తక్కువ అని తేలింది. నైరుతి అమెజోనియాలో, తూర్పున ఇది బాగా కనిపించింది.

అదే ఏడాది అక్టోబరులో అదే పత్రికలో విమర్శ వచ్చింది. రాసిన బృందంలో ముందున్నది ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసే క్రిస్టల్ మెక్‌మైకేల్. పురావస్తు స్థలాలు బయటపడేది నదుల ఒడ్డున, రోడ్ల పక్కన. లోతట్టు అడవిలో తవ్వినవాళ్ళే తక్కువ. పైగా ఒకే చోట ప్రాచీనులూ ఉన్నారు, వలస కాలపు జనమూ ఉన్నారు, రబ్బరు గిరాకీ రోజుల కూలీలూ ఉన్నారు. ఇవాళ కనిపించే చెట్ల గుంపు వీళ్ళలో ఎవరి ఫలితమో ప్లాటు కొలతలు చెప్పవు. లెవిస్ సహచరులు జవాబు రాశారు. మా దృష్టిలో మాత్రం ఈ రెండో అభ్యంతరానికి ఖండం మొత్తాన్ని కలిపిన గణాంకాలతో జవాబు దొరకదు. ఒక్కొక్క కస్తాన్యాల్ దగ్గరికి వెళ్ళి కాలం తేల్చాల్సిందే.

నేల మీది పనిలో మొదటి నిర్ణయం పోలిక ప్లాటు. కస్తాన్యాల్ లోపల ఒక హెక్టారు, అంచున ఒకటి, బయట ఒకటి చొప్పున మూడు కస్తాన్యాల్‌లు తీసుకుంటే నలుగురి బృందం మోయగలదు. బయటి ప్లాటుకు నది నుంచి దూరం, ఎత్తు, మట్టిలో బంకమన్ను శాతం మూడూ లోపలి ప్లాటుతో దగ్గరగా ఉండాలి. మధ్య అమెజోనియాలో బంకమట్టి పాలు మారితే చెట్ల జాతులే మారిపోతాయి. లోపలిది బంకనేల, బయటిది ఇసుకనేల అయితే మీకు దొరికే తేడా ఇసుకది, మనిషిది కాదు. ఈ తప్పు చాలా డిజైన్లలో ఉంటుంది. రాత్రి పడవకు తిరిగి రావడానికి వీలైన చోటునే పోలిక ప్లాటు పెట్టుకోవడం దీనికి మామూలు కారణం.

హెక్టారును 20×20 మీటర్ల చదరాలుగా 25 ముక్కలు చేసి, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో 10 సెంటీమీటర్ల వ్యాసం దాటిన ప్రతి చెట్టునూ కొలిచి అల్యూమినియం బిళ్ళ కొడతారు. మొదలు చుట్టూ పలకల్లా లేచే వేర్లు ఆ ఎత్తు దాటితే, పలకలకు 50 సెంటీమీటర్లు పైన కొలవాలి. నెట్‌వర్క్ డేటాతో పోల్చాలంటే ఈ 10 సెంటీమీటర్ల గీత తప్పదు. కానీ మనిషి సాకే, పెద్ద చెట్ల నీడన పెరిగే కోకో లాంటివి చాలావరకు ఆ గీత కిందే ఉండిపోతాయి. అందుకని ఐదు చదరాల్లో ఒక సెంటీమీటరు నుంచి కొలిచే రెండో పట్టిక వేయాలి. దాంతో లాభం ఇంకొకటుంది. బ్రెజిల్ నట్ పిల్లచెట్టుకు వెలుతురు కావాలి, మూసుకుపోయిన అడవి నీడలో అది పైకి లేవదు. ముసలి చెట్లే ఉండి పిల్లలు లేవంటే ఆ చోట కొన్ని తరాలుగా ఎవరూ కత్తి ఆడించలేదని అనుమానించాలి. పోడు కొట్టి వదిలేసిన బీళ్ళలో దీనికి విరుద్ధంగా పిల్లచెట్లు గుంపులుగా లేస్తాయి. కుతియా అనే ఎలుకజాతి జంతువు గింజలను అక్కడ పాతిపెట్టి కొన్నిటిని మరిచిపోతుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఆసాయీ అని ఒకే మాట అంటారు గానీ, తూర్పున పిలకలతో గుబురుగా పెరిగేది ఒక జాతి, పడమట ఒంటి కాండంతో నిలబడేది మరో జాతి. అడవిలో చెట్లు గుర్తుపట్టే మాతెయిరో చెప్పిన పేరును ఒక గడిలో, నమూనా ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భండారంలో, తేల్చిన శాస్త్రీయ నామాన్ని మరో గడిలో రాయాలి. మొదటి గడిని దిద్దకూడదు. మాతెయిరో రెండు పేర్లు పెట్టిన చోట హెర్బేరియం ఒకే జాతి అంటే, అది పొరపాటు కాకపోవచ్చు. అతను కాయ రుచినో పరిమాణాన్నో బట్టి వేరుచేసి ఉండవచ్చు. సాగులో జరిగిన ఎంపికకు అది ఆనవాలు.

మట్టి దగ్గరే రెండు దేశాల జట్టు ఎక్కువగా తడబడేది. తీయడం సులువు. 25 మీటర్లకొకటి చొప్పున ఆగర్ (మట్టి తోడే మర) దించి, మీటరు లోతు వరకు 20 సెంటీమీటర్లకొక నమూనా. చిక్కంతా ప్రయోగశాలలో. బ్రెజిల్ ల్యాబులు చాలావరకు భాస్వరాన్ని మెహ్లిక్-1 పద్ధతిలో తీస్తాయి; పలుచటి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమం, ఐదు నిమిషాల కుదుపు. యూరప్‌లో చాలాచోట్ల ఓల్సెన్ పద్ధతి, పీహెచ్ 8.5 దగ్గర సోడియం బైకార్బొనేట్, అరగంట. టెర్రా ప్రెటాలో భాస్వరం చాలావరకు చేప, జంతువుల ఎముకల నుంచి వచ్చిన కాల్షియం ఫాస్ఫేట్. ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, బైకార్బొనేట్ పెద్దగా కరిగించదు. ఒకే మట్టికి రెండు అంకెలు రావడమే కాదు, వాటి మధ్య నిష్పత్తి కూడా ఎముకల పాలును బట్టి మారుతుంది. మార్పిడి గుణకం పెట్టి సర్దుకుందామంటే కుదరదు. అంతర్జాతీయ నేలల వర్గీకరణలో ప్రెటిక్ పొరను, అంటే టెర్రా ప్రెటా లాంటి నల్లమట్టి పొరను, 2014లో చేర్చినప్పుడు ఇచ్చిన నిర్వచనం కూడా మెహ్లిక్-1 మీదే ఉండేది: కనీసం 20 సెంటీమీటర్ల మందం, ఒక శాతం సేంద్రియ కర్బనం, కిలోకు 30 మిల్లీగ్రాముల భాస్వరం. కాబట్టి భాస్వరం పరీక్షలన్నీ బ్రెజిల్‌లో, ఒకే ల్యాబులో చేయించాలి.

కర్బనానికి తలకిందులు. వాక్లీ–బ్లాక్ తడి పద్ధతి బొగ్గును పూర్తిగా ఆక్సీకరించలేదు. బొగ్గుతో నిండిన మట్టిలో అది అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పొడిగా కాల్చి కొలిచే ఎలిమెంటల్ అనలైజర్ కావాలి. మట్టి పంపే అనుమతులుంటే, ఆ యంత్రం రెండు వైపుల్లో ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ చేయించవచ్చు.

రేడియోకార్బన్‌తో చేసే కాలనిర్ణయానికి బొగ్గు ముక్క ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. పెద్ద చెట్టు నడిమి చేవ బొగ్గైతే, మంట వేసిన రోజు కన్నా రెండు మూడొందల ఏళ్ళు పాత తేదీ రావచ్చు. కాలిన తాళగింజ చిప్పలు దొరికితే వాటినే పంపాలి, అవి ఒక్క ఏడాది పంట. తేదీని క్యాలెండర్ ఏళ్ళలోకి మార్చేటప్పుడు యూరప్ ల్యాబు అలవాటు కొద్దీ ఉత్తరార్ధగోళపు వక్రరేఖ (రేడియోకార్బన్ కొలతను క్యాలెండర్ ఏళ్ళతో జతచేసే గీత) వాడేస్తుంది. దక్షిణార్ధగోళపు వక్రరేఖతో చూస్తే సగటున నలభై ఏళ్ళ దాకా తేడా. అమెజోనియా భూమధ్యరేఖ గాలుల కలయిక కింద ఉంటుంది కాబట్టి రెంటినీ కలిపిన వక్రరేఖ మేలు. ఏది వాడారో పట్టికలో రాయకపోతే ఆ తేదీని ఇంకొకరు తిరగేసి లెక్కించలేరు.

ఇంత చేసినా సుమారు 1650 తర్వాతి కాలానికి రేడియోకార్బన్ పనికిరాదు. వక్రరేఖ అక్కడ ఎగుడుదిగుడుగా ఉండి ఒకే నమూనాకు రెండు మూడు శతాబ్దాల్లో విడివిడి అవకాశాలు చూపిస్తుంది. విమర్శకులు పట్టుకున్న కాలం సరిగ్గా అదే. ఆ ఖాళీ పూరించేది చెట్టే. బ్రెజిల్ నట్ ఏటా ఒక వలయం వేస్తుంది. ఇన్‌పా, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థల పరిశోధకులు కలిసి 2019లో వెలువరించిన పనిలో మధ్య అమెజోనియాలో 67 చెట్ల వలయాలు లెక్కపెట్టారు. అన్నిటికన్నా పాతది దాదాపు 400 ఏళ్ళది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి మురా జనం వలసపాలన దెబ్బకు కుదేలైన కాలంలో దశాబ్దాల పాటు కొత్త చెట్లు నిలదొక్కుకోలేదని వలయాలు చూపించాయి. మనిషి వెళ్ళిపోతే చెట్టు పుట్టడం తగ్గిందన్నమాట. ఈ కేసు మొత్తంలో ఇంత సూటి ఆధారం మరొకటి లేదని మా అభిప్రాయం.

వలయాలు లెక్కపెట్టడానికి బోరర్ అనే బోలు మరతో చెట్టును తొలిచి సన్నటి కడ్డీ తీస్తారు; అందులో రెండు ఇబ్బందులు. బోరర్ తీసే కడ్డీ 5 మిల్లీమీటర్ల మందం. మీటరున్నర వ్యాసమున్న చెట్టులో 40 సెంటీమీటర్ల బోరర్ నడిమధ్యకు చేరదు, మిగతా ఏళ్ళను వలయాల వంపు నుంచి అంచనా వేయాలి. దశాబ్దాల తప్పు రావచ్చు. పెద్ద చెట్లలో గుల్లవి తక్కువేమీ కాదు. కడ్డీ సగంలో పొడిగా వస్తే ఆ చెట్టును పక్కన పెట్టండి. రెండోది, ఆ చెట్టు ఒక కుటుంబానికి ఏటా కాయలిచ్చే ఆస్తి. కలప కోసం దాన్ని కొట్టడం 2006 నాటి ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. చిన్న రంధ్రమే కదా అని అడగకుండా తొలిస్తే ఆ ఊళ్ళో మీ పని అక్కడితో సరి.

అనుమతుల సంగతి విసుగ్గా ఉన్నా చెప్పక తప్పదు. 1876లో హెన్రీ విక్‌హామ్ తపజోస్ ప్రాంతం నుంచి 70,000 రబ్బరు గింజలను లండన్‌లోని క్యూ తోటకు తరలించాడు. ఆసియా రబ్బరు తోటల్లో చాలావాటికి మూలం ఆ గింజలే, అమెజాన్ రబ్బరు వ్యాపారం కూలిందీ వాటివల్లే. సంచీ పట్టుకొచ్చిన యూరోపియన్‌ను చూస్తే అక్కడ ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ కథే. 2015 నాటి 13.123 సంఖ్య చట్టం ప్రకారం విదేశీ వ్యక్తి సొంతంగా బ్రెజిల్ జన్యు సంపదను గానీ, దానితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానాన్ని గానీ పరిశోధించడం కుదరదు. విదేశీ సంస్థ అయితే బ్రెజిల్ పరిశోధన సంస్థతో జతకట్టాలి.

మొదట ఆ ఒప్పందం, వెంటనే ఊరి సమ్మతి. కొన్ని ఆదివాసీ సముదాయాలకు తమను ఎలా సంప్రదించాలో చెప్పే సొంత నియమావళి ఉంటుంది, అదుంటే దాని ప్రకారమే నడవాలి. ఇంటర్వ్యూలకు నైతిక కమిటీ అనుమతి. ఆదివాసీలైతే అది జాతీయ స్థాయి దాకా వెళ్ళవచ్చు, ఆదివాసీ భూమిలోకి అడుగు పెట్టడానికి ఆదివాసీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫునాయ్ అనుమతి వేరే. ఫెడరల్ రక్షిత ప్రాంతంలో నమూనాలకు సిస్‌బియో అనే అనుమతుల వ్యవస్థ, పురావస్తు తవ్వకానికి వారసత్వ సంపదను చూసే సంస్థ ఇఫాన్. ఆగర్‌లో కుండపెంకు పడితే అక్కడ ఆగి పురావస్తు సహచరుణ్ణి పిలవాలి, గొయ్యి వెడల్పు చేయకూడదు. 2017 నవంబరు నుంచి నడుస్తున్న జన్యు సంపద నమోదు వ్యవస్థ సిస్‌జెన్‌లో నమోదు, నమూనా దేశం దాటకముందే, ఫలితం అచ్చుకాకముందే జరగాలి. ఎక్కువమంది జారిపడేది ఈ చివరి మెట్టు మీదే. సమావేశంలో పంచిన సంక్షిప్త పత్రం కూడా ఫలితమేనని గుర్తుండదు. మట్టి కదా, అందులో జన్యువులేముంటాయని సూట్‌కేసులో పెట్టుకునేవాళ్ళు ఇంకొందరు. మట్టిలో సూక్ష్మజీవులున్నాయి, అటు యూరోపియన్ యూనియన్ కూడా బయటి మట్టిని అనుమతి పత్రం లేకుండా లోపలికి రానివ్వదు. రసాయన పరీక్షలు మానౌస్‌లో ముగించి, ఇఫాన్ అనుమతితో తేదీకి కావలసిన బొగ్గు మాత్రమే పంపితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది.

క్యాలెండర్ మరో ఉచ్చు. యూరప్ ప్రొఫెసర్లకు సెలవులు జూలై, ఆగస్టు. అప్పుడు వానలు తక్కువ, దారులు ఆరి ఉంటాయి, కొలతలకు మంచి సమయమే. కానీ కాయలు రాలేది వానాకాలంలో, జనవరి నుంచి. కాయలేరేవాళ్ళు అడవిలో ఉండేదీ అప్పుడే. ఆగస్టులో ఊళ్ళో కూర్చుని చేసిన ఇంటర్వ్యూల్లో కస్తాన్యాల్ గురించి సాధారణమైన మాటలు దొరుకుతాయి తప్ప ఏ చెట్టు ఎవరిది, ఏ బాట ఎవరు శుభ్రం చేస్తారు అన్నవి దొరకవు. కనీసం ఒక వానాకాలం విద్యార్థి అక్కడుండాలి. ఆ రోజుల్లో గాలీవానా ఉన్నప్పుడు చెట్ల కింద తిరగకూడదు. కిలో, అంతకు పైన కూడా బరువుండే కాయ అంత ఎత్తు నుంచి పడితే హెల్మెట్‌ను నమ్ముకోలేం. స్థానికులు గాలి ఆగేదాకా అటు పోరు, మీరూ వాళ్ళతోనే కదలండి.

ప్రచురణలో చెట్ల గుంపుల ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు వేయకండి. కలప దొంగలకు, కుండలు తవ్వి అమ్ముకునేవాళ్ళకు అది దారి చూపడమే. పటాన్ని కొన్ని కిలోమీటర్ల గడులకు సవరించి అచ్చువేసి, అసలు కొలతలు ఊరికీ ఇన్‌పాకూ ఇవ్వాలి. ఈ ఫలితాన్ని రెండు వైపులా లాగుతారు. అడవి ఎప్పటినుంచో మనిషి చేతిదేనంటే ఇప్పుడు కొడితే తప్పేముందని కలప వ్యాపారి అంటాడు. ఆదివాసీ భూమి హక్కులకు 1988 అక్టోబరు 5 నాటి కాపురమే కొలబద్ద అన్న వాదన మీద బ్రెజిల్‌లో కోర్టు, పార్లమెంటు 2023లో ఎదురెదురు నిలబడ్డాయి. శతాబ్దాల నాటి ఆనవాళ్ళు చూపించే పటానికి అక్కడ ఉండే బరువు వేరు. రాసే ముందు ఊరివాళ్ళతో కూర్చుని పోర్చుగీసులో సారాంశం చదివి వినిపిస్తే, ఏ వాక్యం ఎటు తిరుగుతుందో వాళ్ళే ముందు పట్టుకుంటారు.

ఇక ప్రశ్నావళి. ‘ఈ చెట్లు ఎవరు నాటారు?’ అని అడిగితే వచ్చే జవాబు చాలావరకు ‘ఎవరూ నాటలేదు’ అనే. దాన్ని ‘సహజం’ అన్న గడిలో వేసుకుంటే కేసు అక్కడే చెడుతుంది. లెవిస్ బృందం 2018లో అడవిని మనిషి మలిచే పనులను ఎనిమిదిగా విడదీసింది. నాటడం వాటిలో ఒకటి మాత్రమే. అక్కర్లేని మొక్కలు తీసేయడం, పనికొచ్చేవాటిని కాపాడడం, గింజలు మోసే జంతువులను రప్పించుకోవడం, మొక్కలను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం, మంచి కాయ కాసేవి ఎంచుకోవడం, నిప్పును అదుపులో వాడడం, మట్టిని బాగుచేయడం మిగతా ఏడు. మన ఏజెన్సీలో పోడు కొట్టేటప్పుడు విప్పచెట్టును వదిలేస్తారు. అది నాటడం కాదు, అలాగని ఏమీ చేయకపోవడమూ కాదు. పోర్చుగీసులో దీనికి జెలార్ అనే క్రియ ఉంది. కనిపెట్టుకుని ఉండడం, సాకడం అని చెప్పుకోవచ్చు. ఈ ఎనిమిదింటికీ ఎనిమిది విడి ప్రశ్నలు రాసి, ప్రతి చెట్టు బిళ్ళ నంబరు పక్కన ‘దీన్ని ఎవరు జెలార్ చేస్తారు, ఏడాదిలో ఎన్నిసార్లు, చుట్టూ ఏం కొడతారు’ అని నింపాలి. తర్వాత ఆ పట్టికను వలయాల పక్కన పెట్టి చూడాలి.